తొమ్మిదిమందిలో మనవాడు

ఎనభైల్లో నేను నౌకాదళంలో రైటరుగా బొంబాయిలో పనిచేసేవాణ్ణి. రైటరంటే జీతాలు, సెలవులు, బదిలీల కాగితాలు చూసే నావికుడు. ఇంటికి రాసే ప్రతి ఉత్తరం మీదా పై మూల 'ఐ.ఎన్.ఎస్. ఆంగ్రే, బొంబాయి' అని చిరునామా రాసేవాణ్ణి. అమ్మకు చదువు రాదు. భీమిలి దగ్గర మా ఊళ్ళో పోస్ట్‌మాన్ చదివి వినిపించేవాడు. మొదటి సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు అన్నం పెడుతూ అడిగింది.

"ఆంగ్రే అంటే ఎవుడ్రా, ఇంగిలీసోడా? ఇంకా ఆళ్ళ పేర్లేనేటి మీకు?"

"కాదమ్మా, ఇంగ్లీషోళ్ళకి ముప్పై ఏళ్ళు నిద్ర లేకుండా చేసినోడు" అన్నాను. మా పెద్ద అధికారి ఒకాయన మాకు చెప్పిన మాటే అది. అమ్మ తృప్తిగా ఇంకో గరిటె పులుసు పోసింది.

ఆ పేరు నాకు మళ్ళీ గుండెలో తగిలింది 2007లో, విశాఖలో ఒక సినిమా హాల్లో. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి పట్టుబట్టి తీసుకెళ్ళింది. 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' వరసలో మూడోది, 'ఎట్ వరల్డ్స్ ఎండ్'. దర్శకుడు గోర్ వెర్బిన్‌స్కీ. దాదాపు 30 కోట్ల డాలర్ల ఖర్చు, 169 నిమిషాల నిడివి. ప్రపంచమంతా కలిపి 96 కోట్ల డాలర్లు రాబట్టి, ఆ ఏడాది వసూళ్ళలో మొదటి స్థానంలో నిలిచింది.

ముందుగా మంచి చెప్పాలి, అది చాలానే ఉంది కాబట్టి. సినిమా ఉరికంబం దగ్గర మొదలవుతుంది. పోర్ట్ రాయల్‌లో సంకెళ్ళ జనం వరసగా నిలబడి ఉంటారు. ఒక సైనికుడు ప్రకటన చదువుతాడు: విచారణ హక్కు రద్దు, న్యాయవాది హక్కు రద్దు, సభలు జరుపుకునే హక్కు రద్దు. ఆ వరసలో ఒక చిన్న పిల్లవాడు చేతిలో నాణెం పట్టుకుని సన్నగా పాట ఎత్తుకుంటాడు. ఒక్కొక్కరుగా అందరూ గొంతు కలుపుతారు. వేసవి సెలవుల్లో పిల్లల కోసం వచ్చిన సినిమా ఇలా మొదలవడానికి ధైర్యం కావాలి.

ఆ ప్రకటన జారీ చేసింది కట్లర్ బెకెట్ అనే ప్రభువు, ఈస్ట్ ఇండియా ట్రేడింగ్ కంపెనీ మనిషి. అరవడు, కత్తి దూయడు, టీ తాగుతూ లెక్కలు చూస్తాడు. సముద్రానికి యముడి లాంటి డేవీ జోన్స్ గుండె పెట్టెతో సహా అతని చేతికి చిక్కింది. మహా భూతం కూడా గుమాస్తాలా అతని ఆజ్ఞ కోసం నిలబడాలి. వ్యాపార సంస్థ ఒకటి సముద్రాన్నే జీతానికి పెట్టుకోవడం అంటే ఏమిటో జోన్స్ వేషం వేసిన బిల్ నై కళ్ళలో, ముఖం నిండా కదిలే ఆ టెంటకిల్స్‌లో చూపించారు. ఆ ముఖం మొత్తం కంప్యూటరు గీసిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. దీనికి ముందు భాగం 'డెడ్ మ్యాన్స్ చెస్ట్'కు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కారు ఊరికే రాలేదు.

చరిత్ర ప్రకారం చూస్తే కంపెనీ గుత్తాధికారం ఆసియా వ్యాపారం మీద, కరీబియన్ మీద కాదు. అది సినిమా స్వేచ్ఛ అనుకుని వదిలేయవచ్చు. కానీ కంపెనీని ప్రతినాయకుణ్ణి చేసిన సినిమా తెలుగువాడికి పరాయిది కాదు. 1600 డిసెంబరు 31న పుట్టిన ఆ కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో మన నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకే వచ్చి కొఠీలు పెట్టుకుంది.

ఇక కథ మధ్యలో తొమ్మిదిమంది సముద్ర దొంగల ప్రభువులు సభ తీరతారు. ఒక్కొక్క సముద్రానికి ఒక్కరు. హిందూ మహాసముద్రానికి ప్రభువు పేరు శ్రీ శంభాజీ ఆంగ్రియా, అంటే మన ఆంగ్రేయే. హాల్లో నేను కుర్చీ అంచుకు జరిగాను. తలపాగా, పెద్ద గడ్డం, ఆభరణాలు. వేషం వేసింది ఇరాన్‌లో పుట్టిన మార్షల్ మనేష్. ఆయన నోరు విప్పడు, పక్కనున్న అనుచరుడే ఆయన తరఫున మాట్లాడతాడు. ఆ అనుచరుణ్ణి సభలోనే కాల్చేస్తారు. చివరికి శంభాజీ తానే మాట్లాడితే పిల్లవాడి గొంతులా కీచుమంటుంది. హాలంతా నవ్వింది. మా అమ్మాయీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఎందుకో చెప్పాలంటే ఆంగ్రేల కథ మొదటినుంచీ చెప్పాలి.

కన్హోజీ ఆంగ్రే మరాఠా నౌకాదళానికి సర్ఖేల్, అంటే అధిపతి. కొలాబా, సువర్ణదుర్గ్, విజయదుర్గ్, ఖండేరి ఆయన సముద్రపు కోటలు. కొంకణ తీరపు నీళ్ళు మరాఠా రాజ్యానివనీ, ఆ దారిన పోయే వర్తకుడు తన దగ్గర దస్తక్ కొనుక్కోవాలనీ ఆయన పట్టు. దస్తక్ అంటే అనుమతి చీటీ. చీటీ లేని ఓడను పట్టుకునేవాడు.

ఇది ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. పోర్చుగీసులు పదహారో శతాబ్దం మొదట్లోనే 'కర్తాజ్' పేరుతో ఇదే పద్ధతి పెట్టి, మన రేవుల్లోంచి బయల్దేరే ఓడలను కూడా చీటీ లేకపోతే కొల్లగొట్టారు. ఇంగ్లీషు కంపెనీ కూడా చీటీలు ఇచ్చింది. తగువంతా అక్కడే వచ్చింది. కంపెనీ సొంత ఓడలను వదలడానికి కన్హోజీ ఒప్పుకున్నాడు. కానీ కంపెనీ ఉద్యోగులు సొంతానికి చేసుకునే వ్యాపారం, ఇంగ్లీషు చీటీ చాటున సాగే ఇతర వర్తకుల సరుకు కూడా అదే లెక్కలోకి వస్తుందని బొంబాయివాళ్ళు వాదించారు. ఆయన కాదన్నాడు. అప్పటినుంచీ వాళ్ళ కాగితాల్లో ఆంగ్రే పేరు పక్కన 'పైరేట్' అనే మాట అతుక్కుపోయింది. చీటీ ఇద్దరూ రాశారు. దొంగ అనే పేరు మాత్రం ఒక్కడికే వచ్చింది.

బొంబాయి గవర్నరు ఛార్లెస్ బూన్ ఆయన్ని అణచడానికి ఓడలు కట్టించాడు. 1717లో ఇంగ్లీషువాళ్ళు ఘేరియా అనే విజయదుర్గ్ మీద, 1718లో ఖండేరి మీద పడ్డారు. 1721లో పోర్చుగీసులను కలుపుకుని కొలాబా మీదికి వెళ్ళారు. మూడుసార్లూ ఓడిపోయారు. 1729లో చనిపోయేదాకా కన్హోజీ చేతిలోంచి వాళ్ళు కోట ఒక్కటీ లాక్కోలేకపోయారు.

ఆయన ఓడల గురించి చదివినప్పుడు నాకు మా ఊరి పడవలే గుర్తొచ్చాయి. పెద్దది ఘురాబ్: రెండు మూడు కొయ్యలు, ముందుకు పొడుచుకొచ్చిన అణియం, ఆ ముక్కులోంచే తిన్నగా ముందుకు పేలే రెండు ఫిరంగులు. చిన్నది గల్బత్: నలభై యాభై తెడ్లు, తేలిక, గాలి లేని రోజున ఘురాబ్‌కు తాడు కట్టి లాక్కుపోయే బలం. ఇంగ్లీషు ఓడకు ఫిరంగులన్నీ పక్కల్లో ఉంటాయి. అందుకని ఆంగ్రే మనుషులు పక్కకు పోరు, అమరం వైపు నుంచి, అంటే ఓడ వెనకనుంచి వస్తారు. ముందు ముక్కు ఫిరంగులతో కొయ్యలనూ తాళ్ళనూ విరగ్గొడతారు. తెరచాప కూలిన ఓడ నీటి మీద ఎటూ తిరగలేదు. అప్పుడు గల్బతుల మీద వాళ్ళు నాలుగు వైపులా కత్తులతో ఎక్కేస్తారు. అణియం, అమరం మా మత్స్యకారులు రోజూ అనే మాటలు. ఆ యుద్ధం నాకు ఇంటి భాషలో అర్థమైంది.

సినిమాలో కీచుగొంతు మిగిలిన శంభాజీ, ఆ కన్హోజీ కొడుకు. 1735 డిసెంబరులో కంపెనీ పెద్ద ఓడ 'డెర్బీ'ని సరుకుతో సహా పట్టినవాడు. తమ్ముడు మానాజీతో వారసత్వపు పోరులో నలిగి 1742లో చనిపోయాడు. మనుషులందరిలా అతనిలోనూ లోపాలున్నాయి. అయితే అవి నవ్వు పుట్టించే లోపాలు కావు, ఒక నౌకాదళాన్ని రెండుగా చీల్చిన లోపాలు. ఆ చీలికలోంచే కంపెనీ దారి చేసుకుంది.

శంభాజీ తర్వాత అతని మరో తమ్ముడు తులాజీ వచ్చాడు. పేష్వా నానాసాహెబుకు అతనితో పడలేదు. సొంత రాజ్యపు నౌకాదళం మీదికి ఇంగ్లీషువాళ్ళతో చేయి కలిపాడు. 1755లో కమొడోర్ విలియం జేమ్స్ సువర్ణదుర్గ్ పట్టాడు. 1756 ఫిబ్రవరిలో అడ్మిరల్ వాట్సన్ సముద్రం వైపు నుంచి, క్లైవ్ నేల మీద నుంచి ఘేరియాను చుట్టారు. రేవులో ఒక ఓడకు నిప్పంటుకుంది. అది అంతకుముందు ఆంగ్రేలు ఇంగ్లీషువాళ్ళ దగ్గర పట్టిన 'రెస్టొరేషన్'. మంట పక్క ఓడకూ, దాని పక్కదానికీ పాకింది. నౌకాదళమంతా రేవులోనే కాలిపోయింది.

ఇక్కడ ఒక విషయం నన్ను ఇప్పటికీ వదలదు. సినిమాలో దొంగలకు ఒక 'కోడ్' ఉంటుంది, పెద్ద పుస్తకం. చరిత్రలోనూ ఉంది. బార్తలొమ్యూ రాబర్ట్స్ ఓడ నియమాల ప్రకారం కొల్లలో కెప్టెనుకు రెండు వంతులు. వాట్సన్, క్లైవ్ కూడా బొంబాయిలో ఓడలెక్కక ముందే కూర్చుని ఘేరియా సొమ్ములో ఎవరికెంత అని రాసుకున్నారు. క్లైవ్ వంతు ఎంతన్న దాని మీద తగువు కూడా వచ్చింది. దొరికింది పది లక్షల రూపాయల దాకా. దాన్ని తమలో తామే పంచుకున్నారు, కలిసి వచ్చిన పేష్వాకు పైసా ఇవ్వలేదు. కొల్ల పంచుకునే పద్ధతిలో దొంగకూ దొరకూ తేడా నాకు కనిపించలేదు.

ఆ మంట కొంకణంలో ఆగలేదు. ఘేరియా నుంచి వచ్చిన వాట్సన్, క్లైవ్‌లే కలకత్తా వెళ్ళారు. 1757లో ప్లాసీ. క్లైవ్ బెంగాల్ నుంచి పంపిన కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళను ఓడించి, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట పట్టాడు. ఘేరియాలో ఓడలు కాలిన మూడేళ్ళకు మన తీరం కంపెనీ చేతిలోకి పోవడం మొదలైంది.

ఇదంతా మనసులో పెట్టుకుని ఆ సినిమాను మళ్ళీ మళ్ళీ చూశాను. లోపాలు అప్పుడు స్పష్టంగా కనిపించాయి. ప్రతివాడికీ ఒక రహస్య బేరం, ప్రతి బేరానికీ ఒక ద్రోహం. గంట తర్వాత ఎవరు ఎవరి పక్షమో గుర్తుపెట్టుకోవడమే పని అవుతుంది. దేవత కాలిప్సోను విడిపించడానికి అంత కథ నడిపి, చివరికి ఆమె పీతల వానగా కరిగిపోతే చూసేవాడికి చేతిలో ఏమీ మిగలదు.

అన్నిటికంటే పెద్ద లోపం చివరి యుద్ధం. తొమ్మిది సముద్రాల ఓడలూ బారులు తీరి వస్తాయి. ఎదురుగా కంపెనీ ఓడలు సముద్రమంతా పరుచుకుని ఉంటాయి. సుడిగుండంలో రెండే రెండు ఓడలు పోరాడతాయి. ఆ తర్వాత అవే రెండూ బెకెట్ ఓడను చెరోవైపు నుంచి పేల్చేస్తుంటే, అతను మెట్ల మీద అలా నడిచి దిగడం మరచిపోలేని దృశ్యం, ఒప్పుకుంటాను. కానీ మిగతా ఓడలన్నీ చూస్తూ నిలబడి, చివర్లో టోపీలు ఎగరేస్తాయి. శంభాజీ ఒక్క గుండు పేల్చడు. కంపెనీని ఎదిరించడమే కథ అయిన సినిమాలో, నిజంగా కంపెనీ ఓడను పట్టినవాడికి పని దొరకలేదు. కంపెనీని దొంగ అనడానికి ధైర్యం చేసిన ఆ రచయితలు, ఆంగ్రే దగ్గరికి వచ్చేసరికి కంపెనీ రాసిన మాటనే అరువు తెచ్చుకున్నారు.

మొదటిసారి చూసిన ఆ రోజు హాల్లోంచి ఇంటికి వస్తూ బీచ్ రోడ్డు మీద స్కూటరు ఆపి ఆంగ్రేల కథంతా మా అమ్మాయికి చెప్పాను. చాలాసేపు విని, "మీ ఆఫీసుకు ఆయన పేరెందుకు పెట్టారు నాన్నా?" అంది.

మా ఆఫీసున్న చోటు పాత బొంబాయి కోట. కంపెనీ గవర్నర్లు ఆంగ్రేల మీద యుద్ధాలు నడిపింది ఆ గోడల లోపలినుంచే. 1951 సెప్టెంబరు 15న స్వతంత్ర భారత నౌకాదళం దానికి ఆంగ్రే అని పేరు పెట్టింది. మూడుసార్లు ఓడలు పంపి పట్టలేకపోయిన మనిషి పేరు ఇప్పుడు వాళ్ళ కోటకే ఉంది. ఆ పేరు పై మూల రాసి ఉత్తరం మడిచిన ప్రతిసారీ నాకు అది తెలుసు. అమ్మకు మాత్రం ఇంత వివరంగా చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకో గరిటె పోసేది.