చుట్టి మోసుకెళ్లే గుడి



మనం గుడికి పోతాం. రాజస్థాన్ ఎడారిలో గుడే మనుషుల దగ్గరికి వచ్చేది. మార్వాడ్‌లో నీళ్లు తక్కువ, ఊళ్లు దూరదూరం. ఒంటెలు, గొర్రెలు కాచుకునే రబారీలు మేత దొరికే చోటికల్లా తిరగాలి. వాళ్లు కొలిచే వీరుడు పాబూజీ. 14వ శతాబ్దంలో కోలూ అనే ఊరివాడని, మార్వాడ్‌కు ఒంటెలు తెచ్చింది ఆయనేనని వాళ్ల నమ్మకం.

ఆయన గుడి పేరు ఫడ్. సుమారు 15 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న బొమ్మల పటం. ముతక నూలు బట్టకు గంజి పట్టించి, ఆరబెట్టి, రాతితో రుద్ది నునుపు చేస్తారు. రంగుల్లో జిగురు కలిపి గీస్తారు. భీల్వాడా, షాహ్‌పురాల జోషీ కుటుంబాల పని ఇది. అన్నిటికన్నా చివర దేవుడి కంటిపాప దిద్దుతారు. అంతవరకు అది బట్ట, ఆ తరువాత గుడి.

పటంలో బొమ్మలు కథ వరుసలో ఉండవు, ఊళ్ల వరుసలో ఉంటాయి. నడుమ కోలూలో పాబూజీ కొలువు, దూరపు తావులు అంచుల వైపు. ఊరికే చూస్తే తలాతోకా దొరకదు. రాత్రిపూట భోపా రావణహత్తా వాయిస్తూ పాడతాడు. ఆయన భార్య దీపం పట్టుకొని గొంతు కలుపుతుంది. పాట ఏ ఊరికి పోతే దీపం ఆ బొమ్మ దగ్గరికి పోతుంది. బట్ట, రంగు, దీపం, పాట నాలుగూ కలిస్తేనే ఫడ్. చిరిగిపోతే పారేయరు, పుష్కర్ సరస్సులో కలుపుతారు. దాన్ని 'చల్లార్చడం' అంటారు.

ఈ విద్యను కొడుకులకు, కోడళ్లకు నేర్పేవారు. కూతుళ్లకు నేర్పితే వేరే ఇంటికి పోతుందని భయం. 1960లో శ్రీలాల్ జోషీ భీల్వాడాలో చిత్రశాల పెట్టి బయటివాళ్లకూ నేర్పారు. 2006లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గీసేవాళ్లు పెరిగారు, రాత్రంతా పాడే భోపాలు మాత్రం తగ్గిపోయారు. ఫడ్ చిన్న ముక్కలై గోడలకెక్కింది.

తెలంగాణలో చేర్యాల నకాషీ పటాల కథా ఇదే. ఒక్కొక్క కులానికి దాని పురాణం పటం చూపిస్తూ చెప్పేవాళ్లు. ఇప్పుడది అద్దం చట్రంలో అలంకారం.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, మన సంఘం హాలులో పెద్దల పటాలు వరుసగా ఉన్నాయి. వాటి కింద నిలబడి కథ చెప్పేవాళ్లు ఎవరు? మేము చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు తరువాత కూడబలుక్కొని నేర్చుకున్నాం. కథలు మాత్రం అవ్వ నోట తెలుగులోనే విన్నాం. ఆ అవ్వలు పోయారు. మేమూ సగం మరిచిపోయాం.

అందుకే ఒక విన్నపం. వచ్చే కూటానికి ఇంటికొక పెద్ద ఒక కథ చెప్పండి, పిల్లలు ఫోనులో పట్టుకుంటారు. పెళ్లై పోయిన ఆడపిల్లలను, వేరే భాష నుంచి వచ్చిన కోడళ్లను, అల్లుళ్లను కూడా పిలవండి. పటాలు ఎలాగూ ఉన్నాయి. దీపం పట్టే చేతులు కావాలి.