కొత్త ఇనుముకు పాత తుప్పు

(రేడియో ప్రసంగ పాఠం)



సినిమాలో హీరో తుపాకి తీస్తే మనం హీరో ముఖం చూస్తాం. తుపాకి ముఖం చూసేవాళ్ళు వేరే ఉన్నారు. గొట్టం కొస దగ్గర నలుపు ఎంత అరిగింది, పిడి మీద చెమట మరక ఎటువైపుంది, మరల సందుల్లో దుమ్ము చేరిందా లేదా అని చూస్తారు. నిన్నగాక మొన్న అచ్చులోంచి తీసిన లోహపు ముద్ద నలభై ఏళ్ళు వాడినట్టు కనిపించేలా చెయ్యడం ఒక పని. ఆ పనికీ ఒక చరిత్ర ఉంది. అందులో మనం ఉంటున్న ఈ దేశం వాటా చిన్నదేమీ కాదు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు కొందరు పదహారు, పదిహేడేళ్ళు వచ్చేసరికి ‘మ్యాడ్ మ్యాక్స్’ తుపాకి నమూనా కొనిపెట్టమంటున్నారు కనక, ఇది తల్లిదండ్రులు కూడా వినదగ్గ కథే.

కథ తుపాకితో కాదు, కవచంతో మొదలవుతుంది. 1880 జూన్ 28 తెల్లవారుజామున విక్టోరియాలోని గ్లెన్‌రోవన్‌లో నెడ్ కెల్లీ అనే బందిపోటు పొగమంచులోంచి పోలీసుల ఎదుటికి నడిచొచ్చాడు. ఒంటిమీద దాదాపు 44 కిలోల ఇనుము. అది రైతుల నాగళ్ళ రెక్కలు వంచి చేసిన కవచం. కాళ్ళకి రక్షణ లేదు కాబట్టి కాళ్ళమీద కాల్చి పడగొట్టారు. ఆ ఏడాది నవంబరు 11న మెల్‌బోర్న్ జైల్లో ఉరితీశారు. ఇతన్ని వీరుడనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర అతని ముఠా చేతిలో చనిపోయిన ముగ్గురు పోలీసుల కుటుంబాలు ఏమనుకుంటాయో అది కూడా గుర్తుంచుకోవాలి మనం. ఆ వాదన ఈవేళ మనకొద్దు, ఇనుము సంగతి చూద్దాం.

ఆ కవచాల మీద తూటాలు దిగబడిన సొట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. ముఠాలోని జో బర్న్ కవచాన్ని 2000ల మొదట్లో సిడ్నీ దగ్గర లూకస్ హైట్స్‌లోని అణుశాస్త్ర సంస్థలో పరీక్షించారు. ఇనుము ఒకచోట బాగా కాగింది, మరోచోట సరిగ్గా కాగలేదు. అంటే పనితనం తెలిసిన కమ్మరి కొలిమిలో కాకుండా, అడవిలో కట్టెలమంట మీద చేసిన పని కావచ్చునని తేల్చారు. పైన కనిపించే తుప్పుని ఎవరైనా సృష్టించగలరు గాని, లోపల లోహం ఎలా కాగిందో దాచడం కష్టం. ఆస్తిగా దాచుకున్న పాత సామాన్లని గుర్తుపట్టేవాళ్ళు పైరంగుని నమ్మకపోవడానికి ఇదొక కారణం.

ఇరవయ్యారేళ్ళ తర్వాత, 1906 డిసెంబరు 26న, మెల్‌బోర్న్ అథీనియం హాల్లో ‘ది స్టోరీ ఆఫ్ ది కెల్లీ గ్యాంగ్’ ఆడింది. దర్శకుడు చార్లెస్ టెయిట్. గంటకు పైగా నడిచిన ఆ సినిమాని ప్రపంచంలో మొదటి పూర్తి నిడివి కథాచిత్రంగా 2007లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఇప్పుడు మిగిలింది పదిహేడు నిమిషాల చిల్లర మాత్రమే. అందులో కవచం తొడుక్కున్న నెడ్ తుపాకి కాలుస్తూ వచ్చే ముక్క దక్కడం మన అదృష్టం. అప్పటికి కెల్లీ కాలపు తుపాకులు ఇంకా అటకెక్కలేదు, పోలీసుల మనసుల్లోంచి కెల్లీ కూడా దిగిపోలేదు. 1907లో కెల్లీ సొంత ప్రాంతాలైన బెనాల్లా, వాంగరట్టాల్లో సినిమాని ఆపేశారు. 1911, 12 నాటికి దక్షిణ ఆస్ట్రేలియా, న్యూసౌత్‌వేల్స్, విక్టోరియాలు బందిపోటు సినిమాలనే నిషేధించాయి. ఉత్తుత్తి తుపాకికి భయపడ్డ ప్రభుత్వాలు ఈ కాలంలోనే పుట్టలేదన్నమాట.

ఇప్పుడు పనిలోకి వద్దాం. అసలు తుపాకి నల్లగా ఎందుకుంటుంది? ఉక్కు పైపొరని రసాయనాలతోనో వేడితోనో నల్ల ఆక్సైడుగా మారుస్తారు. అది నూనెని పట్టి ఉంచి, తుప్పుని కొంతకాలం ఆపుతుంది. పొర చాలా పల్చన. ఒరలోంచి తీస్తూ పెడుతూ ఉంటే గొట్టం కొస అంచుల్లో ముందు పోతుంది. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది కదా, పట్టుకునే చోట గోధుమరంగు తిరుగుతుంది. బొటనవేలితో వెనక్కి లాగే సుత్తి కొస తెల్లగా మెరుస్తుంది. మన వంటింట్లో నాయనమ్మ కత్తిపీట గుర్తు తెచ్చుకోండి. కాలితో తొక్కిపెట్టిన చెక్క నున్నబడుతుంది, అలుగు కొబ్బరికాయ తగిలే చోట సన్నబడుతుంది, చేయి ఎప్పుడూ వెళ్ళని అడుగు మాత్రం కొన్నప్పటిలాగే ఉంటుంది. వాడకం అంటే అది. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవాళ్ళు తుప్పుని అంతటా సమంగా చల్లేస్తారు. అందుకే వాళ్ళ తుపాకి పాతదిలా కాక, మురికిదిలా కనిపిస్తుంది.

నమూనా తుపాకులతో ఇంకో తిరకాసుంది. వాటిలో చాలావరకు ఉక్కు కావు. స్పెయిన్‌కి చెందిన మెనోర్కా దీవిలోని డెనిక్స్ వంటి కంపెనీలు జింకు మిశ్రమాన్ని కరిగించి అచ్చుల్లో పోస్తాయి. జింకుకి ఎర్ర తుప్పు పట్టదు, తెల్లని బూజులాంటిది పడుతుంది. ఉక్కుని నల్లబరిచే మందు దీనిమీద రాస్తే చాలాసార్లు మసిలా పట్టి, తుడిస్తే గుడ్డకి అంటుకొస్తుంది. కాబట్టి అచ్చు అతుకు గీతని సన్నాకురాయితో తీసేసి, స్పిరిట్‌తో జిడ్డు వదిలించి, లోహాన్ని కొరికి పట్టుకునే ప్రైమర్ వేస్తారు. దానిమీద ఉక్కురంగు పొర, దానిమీద పల్చని నలుపు. ఆరాక, అరగాల్సిన చోట మాత్రమే పై నలుపుని స్టీల్ ఊల్‌తో తీసేస్తారు. చివర్న పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ పొడిని వేలితో రుద్దుతారు. అప్పటికి చూసేవాడి కంటికి జింకు పోయి ఉక్కు వస్తుంది. నల్లబరిచే మందుల్లో చాలావాటిలో సెలీనియం ఉంటుంది, అది విషం. వంటింట్లో వద్దు, చేతి తొడుగులు లేకుండా అసలు వద్దు.

జింకుని నల్లబరచడం పడమటివాళ్ళ విద్య అనుకుంటే పొరపాటు. బీదర్ పనివాళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా చేస్తున్నది అదే. బిద్రీ పాత్రలో తొంభై పాళ్ళకి పైగా జింకు, మిగతాది రాగి. వెండి తీగ పొదిగాక, కోటలోని పాత మట్టిని నవసాగరంతో కలిపి పట్టిస్తే జింకు కాటుకలా నల్లబడి, వెండి మాత్రం వెలుగుతూ ఉండిపోతుంది. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్ళు బిద్రీ హుక్కాలు చూసే ఉంటారు. అలాగే ఇనుము నలుపు. తుప్పు ముక్కల్ని బెల్లంనీళ్ళలో ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే శ్రీకాళహస్తి కలంకారీ నల్లగీత వస్తుంది. తుప్పుపట్టిన పాత ఇనుప వస్తువుల్ని కాపాడే మ్యూజియం వాళ్ళు పూసే టానిక్ ఆమ్లం పనిచేసేదీ ఆ సూత్రం మీదే. మరో విశేషం, హాలీవుడ్ సెట్లలో బట్టలకీ బళ్ళకీ తుపాకులకీ దుమ్ముగా చల్లే ‘ఫుల్లర్స్ ఎర్త్’ మరేదో కాదు, మన ముల్తానీ మట్టి.

ఈ పాతబరచడాన్ని సినిమాకి ప్రాణంగా మార్చినవాడు జార్జ్ మిల్లర్. ఆయన డాక్టరు. సిడ్నీలో ఎమర్జెన్సీ వార్డులో ప్రమాదాల్లో నలిగినవాళ్ళని చూస్తూ, ఆ సంపాదనతో బైరన్ కెనెడీతో కలిసి 1979లో ‘మ్యాడ్ మ్యాక్స్’ తీశాడు. మ్యాక్స్ చేతిలో గొట్టాలు కోసేసిన రెండు గొట్టాల తుపాకి ఉంటుంది. 1981లో బ్రోకెన్ హిల్ దగ్గర తీసిన రెండో భాగంలో అదే బతుకుదెరువు. నాకు బాగా నచ్చే సన్నివేశం అందులోదే. గైరో కెప్టెన్ చాలాసేపు ఆ తుపాకికి భయపడి చెప్పినట్టల్లా చేస్తాడు. చివరికి తెలుస్తుంది, అందులో తూటాలే లేవని. ‘ఫ్యూరీ రోడ్’ కూడా బ్రోకెన్ హిల్ దగ్గరే తియ్యాలనుకున్నారు. 2011లో వానలు పడి ఎడారి పూలతో పచ్చబడిపోయేసరికి, 2012లో నమీబియా పోవలసివచ్చింది. దొరికిన ముక్కలతోనే ప్రతి వస్తువూ కట్టాలని పట్టుబట్టిన కళాదర్శకుడు కాలిన్ గిబ్సన్‌కి 2016లో లీసా థాంప్సన్‌తో కలిపి ఆస్కార్ వచ్చింది. ఎడారిలో తుపాకి అంటే మన పెద్దలకి గుర్తొచ్చేది 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’. కృష్ణ గారు గుర్రమెక్కి రాజస్థాన్ ఇసుకలో తిరిగిన సినిమా. ఆరుద్ర గారు కథ అల్లితే, కె.ఎస్.ఆర్. దాస్ గారు తీశారు.

గైరో కెప్టెన్ భయం దగ్గరికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే చట్టం పట్టుకున్నది దాన్నే. 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం ఆరు లక్షలకు పైగా తుపాకుల్ని కొని కరిగించింది. అదే ఏడాది న్యూసౌత్‌వేల్స్‌లో వచ్చిన తుపాకుల చట్టంలో తర్వాత నమూనాలకి ప్రత్యేకమైన సెక్షన్ చేరింది. రంగు, బరువు, దేనితో చేశారు, లోపల మరలు కదులుతాయా అనేవి లెక్కలోకి రావు. చూడ్డానికి తుపాకిలా ఉంటే తుపాకికింద లెక్కే. అనుమతి కావాలి. పిల్లల బొమ్మగా తయారుచేసి, అలా గుర్తింపు ఉన్నదానికి మాత్రం మినహాయింపు. విక్టోరియాలో నమూనాలు నిషిద్ధ ఆయుధాల జాబితాలో ఉన్నాయి. క్వీన్స్‌లాండ్ చాలాకాలం చూసీచూడనట్టున్నా, 2021 ఫిబ్రవరి నుంచి తాళంవేసి ఉంచాలి, బయటికి తియ్యడానికి సరైన కారణం ఉండాలి అంది. దక్షిణ ఆస్ట్రేలియా 2020 అక్టోబరులో జెల్ తుపాకుల్ని కూడా అసలు తుపాకులతో చేర్చింది.

జపాన్ దారి వేరు. 1971లో లోహపు పిస్తోలు నమూనాలకి తెల్లరంగో పసుపురంగో ఉండాలని, గొట్టం మూసుకుపోయి ఉండాలని చట్టం చేసింది. అక్కడి తయారీదార్లు ఊరుకుంటారా! లోహపు పొడి కలిపిన బరువైన ప్లాస్టిక్ కనిపెట్టి, దాన్ని మెరుగుపెట్టి నల్లబరిచేదాకా వెళ్ళారు. అమెరికా గొట్టం చివర నారింజరంగు పుల్ల చాలంది. ఆస్ట్రేలియాది కఠినం అనిపించవచ్చు గాని, రాత్రిపూట ఎదురుపడ్డ పోలీసుకి రంగుపుల్ల చూసే తీరిక ఉండదు. నా ఓటు దీనికే. షూటింగుల్లో కూడా ఆయుధం లైసెన్సు ఉన్న ఆర్మరర్ చేతి మీదుగా నడుస్తుంది. అయినా 2017 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒక మ్యూజిక్ వీడియో తీస్తుండగా, ఖాళీ తూటా దెబ్బకే ఒక స్టంట్ నటుడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

కనక పెట్టెలు సర్దుకునేవాళ్ళకి ఒక మాట. పిల్లవాడు ముచ్చటపడ్డాడని ఇండియా నుంచి తుపాకిలా ఉండే లోహపు నమూనా తెస్తే, ముందస్తు అనుమతి లేకుండా అది విమానాశ్రయం దాటదు. దీపావళి రీళ్ళ తుపాకి మీద కూడా అనుమానముంటే బయల్దేరకముందే ఇక్కడి సరిహద్దు శాఖవారిని కనుక్కోండి. రీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, మందుగుండు విమానం ఎక్కదు. నమూనా కొనాలని ఉన్న పెద్దపిల్లలు కొనకముందే తమ రాష్ట్రం పోలీసుల నిబంధనలు చదవాలి. రంగులు వెయ్యడం మీద మోజున్నవాళ్ళు పాత రైలుబొమ్మ మీదో, డబ్బా మూత మీదో చెయ్యి తిప్పుకోవచ్చు. తుప్పు నేర్పే పాఠం దానిమీదైనా ఒకటే.

కెల్లీ కవచం మెల్‌బోర్న్‌లో స్వాన్‌స్టన్ స్ట్రీట్ మీదున్న స్టేట్ లైబ్రరీలో ఉంది, టికెట్టు లేదు. బ్రోకెన్ హిల్ వైపు వెళ్ళేవాళ్ళకి పాతిక కిలోమీటర్ల దూరంలో సిల్వర్టన్ అనే చిన్న ఊళ్ళో ‘మ్యాడ్ మ్యాక్స్ 2’ మ్యూజియం ఉంది. నీళ్ళ సీసాలు మాత్రం మరిచిపోకండి. సెలవు.