ఏడ్వని బిడ్డ

"మొక్కై వంగనిది మానై వంగునా" యని మనవారు తఱచుగా ననుచుందురు. ఈ సామెతను బాలశిక్షకు సమర్థనముగా జెప్పుట వాడుక. శైశవమున బిడ్డకు లభించిన యాశ్రయమే తరువాతి స్నేహములకును దాంపత్యమునకును బునాది యగునని చెప్పుటకు దీనిని వాడువా రరుదు. పాశ్చాత్యదేశములలో గూడ నీ భావము సులభముగా నెలకొనలేదు. ఆసుపత్రుల వాకిళ్లకడ వాదోపవాదముల నడుమ నెలకొన్నది. ఆ చరిత్రమును సంగ్రహముగా జదువరులకు నివేదింప దలచితిమి.

1928లో జాన్ వాట్సన్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త యొక గ్రంథమున, బిడ్డలను ముద్దాడవలదనియు, ఒడిలో గూర్చుండబెట్టుకొనవలదనియు, ఉదయమున జేయి కలిపి పలుకరించిన జాలుననియు దల్లులకు బోధించెను. ఇంగ్లండునందలి యాసుపత్రులలో నంటురోగముల భయముచే దల్లిదండ్రుల రాకను వారమున కొకటి రెండు గంటలకు మాత్రమే యనుమతించిన చోట్లు పెక్కులుండెను. తల్లి వచ్చిపోయిన వెనుక బిడ్డ యేడ్చును; రానినాడు మెదలక పడియుండును. కావున రాకుండుటయే మేలని వైద్యులును దాదులును దలచిరి.

ఈ తలంపును శంకించినవారిలో జాన్ బౌల్బీ ముఖ్యుడు. 1907లో లండనున సంపన్నకుటుంబమున బుట్టిన యీతడు దాది చేతులలో బెరిగెను. ఈతనికి నాలుగేండ్లు వచ్చునప్పటి కామె కొలువు విడిచిపోయెను. వైద్యుడైన పిమ్మట 1944లో దొంగతనములు చేసిన 44 మంది బాలబాలికల వృత్తాంతములను బ్రకటించెను. ఎవరియందును మమత లేనివారుగా దనకు దోచిన 14 మందిలో 12 మంది శైశవమున దల్లికి దీర్ఘకాల మెడమైనవారే యనెను. లెక్క చిన్నది, తీర్పరియు దానే. అయినను బ్రశ్న పెద్దది. 1951లో ప్రపంచారోగ్యసంస్థకొఱ కీతడు వ్రాసిన నివేదిక యా ప్రశ్నను దేశదేశములకు గొనిపోయెను.

ఈతని సహచరుడగు జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రి మంచములకడ నిలిచి చూచినవాడు. తల్లికి దూరమైన బిడ్డ మొదట నాక్రోశించుననియు, పిదప నిరాశతో గుందుననియు, తుదకు విముఖత వహించుననియు నాతడు గుర్తించెను. ఈ మూడవదశయే మిక్కిలి మోసకరమైనది. అప్పుడు బిడ్డ యన్నము తినును, నవ్వును, ఏ దాది వచ్చినను జేయి చాచును. "సర్దుకొన్న" దని యందఱును సంతసింతురు. తల్లి వచ్చినప్పుడు మాత్రము మొగము త్రిప్పుకొనును. మంచితన మనుకొన్నది నిజమునకు నమ్మకము చచ్చిన మౌనము.

మాటలను నమ్మనివారికి జూపుటకై రాబర్ట్‌సన్, ఎనిమిదిదినములు వైద్యశాలలో నున్న రెండున్నరయేండ్ల బాలిక నొకతెను జలనచిత్రముగా దీసి 1952లో ప్రదర్శించెను. వైద్యులు పలువు రాగ్రహించిరి. కాని యేడేండ్లకే, 1959లో, ప్రభుత్వము నియమించిన ప్లాట్ సంఘము తల్లిదండ్రుల రాకకు వేళల నిర్బంధము తగదనియు, చిన్నబిడ్డలతో దల్లులుండుటకు వసతి కల్పింపవలెననియు సిఫారసు చేసెను. ఆచరణకు మఱి కొన్నియేండ్లు పట్టెను.

ఈ యనుబంధము పెద్దతనమున నేమగును? మేరీ ఐన్స్‌వర్తు ఉగాండాలోను, పిమ్మట బాల్టిమోరులోను దల్లులను బిడ్డలను బరిశీలించి, తల్లి వెడలినప్పు డెంత యేడ్చెనను దానికంటె, తిరిగివచ్చినప్పు డెట్లు చేరదీసికొనెనను దానియందే బిడ్డ నమ్మకము తెలియునని నిరూపించెను. "పిలిచినచో వత్తురా?" యను ప్రశ్నకు దొరకిన యుత్తరమునే బిడ్డ తరువాతివారియందును వెదకును. 1970ల నడుమ మినెసోటాలో నారంభించిన దీర్ఘపరిశీలనమున, శైశవమున నమ్మకము కుదిరినవారు బడి స్నేహములలోను, యౌవనపు ప్రణయబంధములలోను గొంత నిబ్బరముగా మెలగిరని తేలెను. "కొంత" యనుటయే సత్యము. నడుమ గడచిన జీవితముగూడ మనుష్యుని మార్చును.

తల్లి యొకతెయే సమస్తమునకు బాధ్యురాలని బౌల్బీ మాటలనుండి పలువురు గ్రహించిరి. 1972లో మైకేల్ రట్టర్ దీనిని విమర్శించి, బిడ్డ పలువురితో బంధము పెనవేసికొనగలదని చూపెను. రుమేనియాలో 2000లో నారంభమైన పరిశోధన మఱియొక సంగతిని దెలిపెను. అనాథశాలలలోని 136 మంది శిశువులలో సగముమందిని, చీట్లు వేసినట్లుగా నెంచి, పెంపుడు కుటుంబముల కప్పగించిరి. ఇల్లు దొరకినవారు కోలుకొనిరి. రెండేండ్లలోపల దొరకినవారు మఱింతగా గోలుకొనిరి. కావున మన సామెత సగమే నిజము: మాను సయితము వంగును, గాని కష్టముమీద వంగును.

మన వైద్యశాలలలో దల్లియో యమ్మమ్మయో బిడ్డ మంచముకడ గూర్చుండుట సామాన్యాచారము. ఇంగ్లండు పోరాడి సంపాదించినది మనకు వాడుకగా వచ్చినది. ఆ వాడుకను నియమములపేర బోగొట్టుకొనరాదు. అంతకంటె ముఖ్యము, ఏడ్వని బిడ్డను బుద్ధిమంతుడని మెచ్చుకొనుటకు ముందు, వసతిగృహమునకు బంపిన పసివాడు "అలవాటు పడినా" డని యూఱడిల్లుటకు ముందు, అది నెమ్మదియో నిరాశయో తల్లిదండ్రు లిరువురును విచారింపవలెను. పిలుపున కెవ్వరో యొకరు పలుకుచున్నంతవఱకే బిడ్డ పిలుచును.