సంకేతవిద్యకు ఒక సత్కారం

చిక్కపేట నేల క్రింద మెట్రో రైళ్లు నడవటం 2017 జూన్‌లో ఆరంభమయింది. పైన అవెన్యూ రోడ్డులో జనసమ్మర్దం ఎంతటిదో ఈ సంచిక చదివేవారికి చెప్పనక్కరలేదు. క్రింద మాత్రం మెజెస్టిక్ నుండి కృష్ణరాజేంద్ర మార్కెట్టు వైపు రైలు వెనుక రైలు తగినంత ఎడం పాటిస్తూ సాగిపోతుంది. ఈ క్రమశిక్షణను రూపొందించేవారు సిగ్నల్ ఇంజనీర్లు. వంతెన కట్టినవారి పేరు శిలాఫలకంపై నిలుస్తుంది. సిగ్నల్ ఇంజనీరు పని సక్రమంగా ఉన్ననాడు ఏమీ జరుగదు. ఏమీ జరుగని దినానికి శిలాఫలకం వేయించేదెవరు? కంటికి కనబడని ఈ విద్యను అభ్యసించే యువకులను గౌరవించేందుకు ఏర్పడినదే థారోగుడ్ పారితోషికం. దాని నేపథ్యం విద్యార్థులు తెలుసుకోదగినది.

రైళ్లు వచ్చిన తొలి దశాబ్దాలలో ఒక రైలు వెళ్లిన తరువాత కొన్ని నిమిషాలు ఆగి మరొక దానిని పంపేవారు. ముందు వెళ్లినది మార్గమధ్యంలో నిలిచిపోతే వెనుకనున్నవారికి తెలిసే ఉపాయం లేదు. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణం వద్ద విహారయాత్రకు బయలుదేరిన రైలొకటి ఎత్తు ఎక్కలేక నిలిచింది. దానిని రెండుగా విడదీయగా, వెనుక పెట్టెలు వాలులో జారిపోయి, వస్తున్న మరొక రైలును ఢీకొన్నాయి. దాదాపు 80 మంది మరణించారు. వారిలో అనేకులు ఆదివారపు బడి పిల్లలు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు చట్టం గావించింది. ఒక భాగంలో ఒక సమయాన ఒకే రైలు ఉండాలనీ, పాయింట్లు సరిగా కుదిరితేనే సిగ్నల్ పడేటట్లు రెండింటినీ ఇంటర్‌లాకింగుతో బంధించాలనీ, ప్రయాణికుల రైలు పొడవునా పనిచేసే బ్రేకులుండాలనీ నిర్దేశించింది.

ఈ విద్యకు ఒక శాస్త్రీయమైన వేదిక కావాలన్న ఆకాంక్షతో 1912లో లండనులో రైల్వే సిగ్నల్ ఇంజనీర్ల సంస్థ ఏర్పడింది. దాని అధ్యక్షులుగా పనిచేసినవారిలో డబ్ల్యు.జె. థారోగుడ్ ఒకరు. ఆయన ఇంగ్లండులోని సదరన్ రైల్వేలో సిగ్నల్ శాఖను నిర్వహించిన కాలంలో, 1926 మార్చిలో, లండను నగరంలోని ఒక మార్గంపై నాలుగు సూచనల రంగుదీపాల సిగ్నళ్లు అమలులోకి వచ్చాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చలతోపాటు రెండు పసుపు దీపాలు చేరాయి. మన దేశంలో రద్దీ మార్గాలపై నేడు కనిపించే జంట పసుపు దీపాలు ఆ పద్ధతికి చెందినవే.

థారోగుడ్ తన వీలునామా ద్వారా ఆ సంస్థకు కొంత సొమ్ము విడిచి వెళ్లారు. దానితో నెలకొన్నదే ఈ పారితోషికం. సంస్థ నిర్వహించే వృత్తి పరీక్షలో విశేష ప్రతిభ కనబరచిన యువ సభ్యునికి పతకంతోపాటు అధ్యయన యాత్రకు ధనసహాయం లభిస్తుంది. ఇతరులు నెలకొల్పిన సిగ్నల్ కేంద్రాలనూ, కర్మాగారాలనూ స్వయంగా చూసి రావటమే ఆ యాత్ర లక్ష్యం. గెలిచినవానిని వేదికపై నిలిపి పంపివేయక, మరింత నేర్చుకొమ్మని దారిఖర్చు ఇచ్చి పంపటం ఈ సత్కారంలోని విశిష్టత.

మన తెలుగునాట ఈ విద్యకు నిలయం సికింద్రాబాదు. అక్కడ 1957 నవంబరు 24న స్థాపితమైన భారతీయ రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్, టెలికమ్యూనికేషన్ల శిక్షణ సంస్థలో తరతరాల యువ ఇంజనీర్లు పాఠాలు నేర్చారు. సికింద్రాబాదు కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వేలోనే, నేడు 'కవచ్' అనే పేరుతో ప్రసిద్ధమైన రక్షణ వ్యవస్థకు 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్లపై పరీక్షలు ఆరంభమయ్యాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య జరిపిన ప్రదర్శనలో, ఆ వ్యవస్థ ఒక ఇంజనును ఎదుటనున్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలోనే దానంతట అది నిలిపివేసింది.

ఇంత ప్రగతి సాధించినా, ఒక్క తీగ తప్పుగా కలిస్తే ఏమవుతుందో 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్‌లో దేశం చూసింది. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుకు ఆకుపచ్చ సిగ్నల్ పడింది. పాయింట్లు మాత్రం గూడ్సు బండి నిలిచి ఉన్న లూప్ లైను వైపు తిరిగి ఉన్నాయి. పట్టాలు తప్పిన పెట్టెలు మన బెంగళూరు నుండి హౌరా వెళ్తున్న రైలుకు తగిలాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సిగ్నల్ సర్క్యూట్ల మార్పులో జరిగిన లోపాలే కారణమని విచారణ తేల్చింది. యంత్రం తనకు చెప్పినదే చేసింది. చెప్పినదానిని తిరిగి సరిచూడటం మనుష్యుని వంతు.

కనుక యువ సిగ్నల్ ఇంజనీరుకు ఇచ్చే పతకం కేవలం తెలివితేటలకు ఇచ్చేది కాదు. జాగ్రత్తను ఒక విద్యగా అభ్యసించినందుకు ఇచ్చేది. పాఠశాలలలో మనం మొదటి మార్కుకు బహుమతి ఇస్తాము, పరుగులో గెలిచినవానికి ఇస్తాము. చేసిన లెక్కను తిరిగి సరిచూసుకొని, తప్పును తానే పట్టుకొని దిద్దుకున్న విద్యార్థికి ఇచ్చే బహుమతి మన పట్టికలో లేదు. ఈ ప్లాటినం ఉత్సవ వత్సరంలో పాఠశాలకు ఏదైనా చేయదలచిన పూర్వ విద్యార్థులు అట్టి బహుమతినొకదానిని నెలకొల్పవలసిందిగా కోరుతున్నాను. అది పతకంగానే ఉండనక్కరలేదు. ఒక రైల్వే స్టేషన్నో, ఒక కర్మాగారాన్నో చూసి రావటానికి దారిఖర్చయినా చాలు.