ఎర్రమందు కథ

అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే వయసు మీదపడిందనుకున్నాను. "బి-12 లోపమండీ" అంటూ డాక్టరమ్మ ఎర్రటి సూదిమందు పొడిచింది.

ఆ ఎరుపు వెనక పెద్ద కథే ఉంది. ఈ విటమిన్ ఒంటికి పట్టక వచ్చే పాండురోగం ఒకప్పుడు ప్రాణాంతకం. 1926లో బోస్టన్ డాక్టర్లు మైనాట్, మర్ఫీలు రోగులకి రోజూ కార్జం తినిపించి బతికించారు. అందులోని అసలు మందు ఎర్రని స్ఫటికాలుగా 1948లో దొరికింది. దాని నిర్మాణాన్ని 1956 నాటికి తేల్చింది ముగ్గురు పిల్లల తల్లి డొరొతీ హాడ్జ్‌కిన్, కీళ్ళవాతంతో వంకరపోయిన వేళ్ళతోనే! 1964లో ఆవిడకి నోబెల్ బహుమతి వచ్చింది.

కూరగాయల్లో ఇది దొరకదు. శాకాహారులకి పాలూ పెరుగే ఆధారం. మరి నేనో? అందరికీ గడ్డపెరుగు వడ్డించి, అడుగున మిగిలిన నీళ్ళమజ్జిగతో ముగించేదాన్ని.

ఇప్పుడు నా గిన్నె ముందే తీసిపెట్టుకుంటున్నాను. మీరూ తీసిపెట్టుకోండి.