శ్రీగంధపు నూనె: రసాయన చరిత్ర

శ్రీగంధం చెట్టు పైచెక్కకు వాసన ఉండదు. పరిమళమంతా చేవలోనే, వేరు చేవలో మరీ ఎక్కువ. చేవను పొడి చేసి గంటల తరబడి ఆవిరి పట్టిస్తే లేతపసుపు రంగులో చిక్కటి నూనె దిగుతుంది. అందులో 90 శాతం దాకా శాంటలాల్ వర్గపు ఆల్కహాల్‌లే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆల్ఫా-శాంటలాల్ 41–55 శాతం, బీటా-శాంటలాల్ 16–24 శాతం ఉండాలి. విశేషమేమిటంటే, మనం గంధమని గుర్తుపట్టే వాసనకు ప్రధాన కారణం పాలు తక్కువగా ఉన్న బీటాయే. శాంటలీన్లు, బెర్గమొటాల్ వంటివి కొద్దిగా ఉంటాయి.

కన్నౌజ్ అత్తరు పనివాళ్లు పూల ఆవిరిని తరతరాలుగా పట్టి ఉంచింది ఈ నూనెలోనే. దానిలో ఏముందో తెలియడానికి మాత్రం 20వ శతాబ్దం రావలసివచ్చింది. రెండు శాంటలాల్‌లలోనూ 15 కార్బన్, 24 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులే ఉంటాయి. మరిగే ఉష్ణోగ్రతలూ దగ్గర దగ్గరే కనుక వాటిని విడదీయడం కష్టం. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గెర్బే 1900లో ఆ పని చేశాడు. మూడు వలయాల ఆల్ఫా నిర్మాణాన్ని 1910లో జర్మనీకి చెందిన జెమ్లర్, రెండు వలయాల బీటా నిర్మాణాన్ని 1935లో రసాయన శాస్త్రవేత్తలు రుజీచ్కా, తోమన్ తేల్చారు. అంటే బీటా గుట్టు విప్పడానికి మరో పాతికేళ్లు పట్టింది.

ఈలోగా మొదటి ప్రపంచయుద్ధం మైసూరు గంధపు చెక్కకు ఐరోపా దారి మూసేసింది. అప్పటిదాకా చెక్కను అమ్ముకున్న సంస్థానం నూనె తీయడానికి పూనుకుంది. సంస్థాన పరిశ్రమల డైరెక్టరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ప్రోద్బలంతో, భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్‌ల సాయంతో 1916లో బెంగళూరులో ఫ్యాక్టరీ మొదలైంది. ప్రయోగశాలలో పుట్టిన పద్ధతి నేరుగా బట్టీలోకి వెళ్లిన అరుదైన సందర్భమిది.

ఇక చెట్టు లోపల ఒకే ఎంజైము ఆల్ఫా, బీటా శాంటలీన్లు రెంటినీ కలిపి తయారుచేస్తుందని 2011లో తేలింది. చెట్టు వాటికి ఆక్సిజన్ చేర్చి శాంటలాల్‌లుగా మార్చుకుంటుంది.

శేషాచలం ఎర్రచందనానికి ఈ నూనెతో సంబంధం లేదు. దాని జాతి వేరు, చేవలో ఉన్నది శాంటలిన్ అనే ఎర్రరంగు. తెలుగు రైతులు ఇప్పుడు తోటల్లో నాటుతున్న శ్రీగంధం మాత్రం అసలైనదే. అయితే చేవ బాగా ముదరాలంటే పదేళ్లు దాటాలి. తొందరపడి నరికితే నూనె తక్కువ వస్తుంది, ఆ నూనెలో శాంటలాల్‌లూ తక్కువే.