ఒక పామా, రెండు పాములా? – సైనిక వైద్యుల టోపీ బిళ్ళ



వెనుకటి రోజుల్లో కచేరీ బంట్రోతు భుజం మీదుగా వేసుకొన్న పట్టీకి ఇత్తడి బిళ్ళ మెరిసేది. అందుకే అతడు బిళ్ళబంట్రోతు అయ్యాడు. సైనికుని టోపీ మీది బిళ్ళ కూడా అటువంటిదే. ధరించినవాడు ఏ దళానికి చెందినవాడో చెబుతుంది. అటువంటి పాత చిహ్నాలను సేకరించేవారు అనేక దేశాల్లో ఉన్నారు. వైద్యుడిని గనుక నా దృష్టి వైద్యదళాల బిళ్ళలపై నిలిచింది.

బ్రిటన్‌లో రాయల్ ఆర్మీ మెడికల్ కోర్ 1898లో ఏర్పడింది. దాని చిహ్నంలో ఒక కర్ర, దానిని చుట్టుకొన్న ఒకే ఒక పాము, చుట్టూ ఆకుల దండ, పైన కిరీటం ఉండేవి. ఆ కర్ర గ్రీకుల వైద్యదేవుడైన ఆస్క్లేపియస్‌ది. సేకర్తలు మొదట పరిశీలించేది కిరీటాన్ని. పైభాగం గుండ్రంగా ఉంటే 1901 నుంచి 1952 వరకు ఏలిన రాజుల కాలానిది. నడుమ కొంచెం లోనికి వంగి ఉంటే ఎలిజబెత్ రాణి కాలానిది. మన ఆర్మీ మెడికల్ కోర్ 1943లో రూపొందింది. దేశం గణతంత్రమైన పిదప కిరీటం తొలగి అశోకుని సింహాలు వచ్చాయి. పాము మాత్రం ఒకటిగానే నిలిచింది.

అమెరికా సైనిక వైద్యదళం 1902లో రెండు పాములు, రెక్కలు గల కర్రను స్వీకరించింది. అది హెర్మీస్‌ది. ఆయన దేవతల దూత, వర్తకుల దైవం. మృతుల ఆత్మలను పాతాళానికి తోడుకొనిపోయేవాడు కూడా! వైద్యునికి ఇంతకన్న తగని గుర్తు ఉంటుందా? అయినా మన ఊళ్ళలో వైద్యుల కార్ల అద్దాలపై నేటికీ అదే కనిపిస్తుంది. నేనూ ఏళ్ళ తరబడి దానినే అంటించుకొని తిరిగాను. ఒక పాత బిళ్ళ చేతికి వచ్చాకనే పొరపాటు తెలిసింది.

ఆ ఒంటి పాము గుర్తు విలువ దానిని ధరించినవారి వల్ల వచ్చింది. విక్టోరియా క్రాస్ పురస్కారాన్ని రెండుమారులు పొందినవారు చరిత్రలో ముగ్గురే. వారిలో ఇద్దరు ఈ దళంలో పనిచేసిన వైద్యులు. ఆర్థర్ మార్టిన్‌లీక్ మన దేశంలో బెంగాల్ నాగపూర్ రైల్వే వైద్యాధికారిగా చాలాకాలం ఉన్నారు. ఆ రైలుమార్గం మన వాల్తేరు వరకు వచ్చేది. నోయెల్ చావస్ క్షతగాత్రులను వెతికి తెచ్చే పనిలో తానే గాయపడి, 1917 ఆగస్టు 4న కన్నుమూశారు. ఇద్దరికీ ఆ గౌరవం దక్కింది ప్రాణాలు తీసినందుకు కాదు, నిలిపినందుకు.

మీ ఇంట పూర్వీకుల బిళ్ళ ఏదైనా ఉంటే చింతపండుతో తోమి తళతళలాడించకండి. ఆ అరుగుదలే ధరించినవాని జ్ఞాపకం. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పచ్చని చిలుము విషకరం. తాకిన పిదప చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనీయకండి.

ఇకపై వైద్యుని గుర్తు కనబడినప్పుడు పాములను ఒకసారి లెక్కించండి. రెండుంటే వర్తకునిది, ఒకటే ఉంటే మాది.